బుట్ట చేతుల కోటు

నా కత్తెర మాయమైంది.

మిషను సొరుగులో లేదు, గుడ్డముక్కల బుట్టలో లేదు. మంచం కింద దూరి చూశాను. ఆఖరికి స్నానాల గదిలో కూడా చూశాను, కత్తెర స్నానానికి వెళ్తుందా అని నన్ను నేనే తిట్టుకుంటూ.

గోడ గడియారం మూడు కొట్టింది. ఆరున్నరకి కారు వస్తుంది. ఏడింటికి నాటకశాల తలుపులు తెరుస్తారు. అత్తయ్య కోటుకి ఒళ్లు కుట్టడం అయింది, కాలరు అయింది, గుడ్డ చుట్టిన గుండీలు పద్నాలుగూ అయ్యాయి. చేతులు మాత్రం ఇంకా కొయ్యని గుడ్డలోనే ఉన్నాయి. ఆదివారం. బజారంతా మూత. కొత్త కత్తెర కొనుక్కొచ్చే దారి లేదు.

వంటింట్లోకి వెళ్లాను.

"అక్కయ్యా, నా కత్తెర చూశావా?"

"చూడలేదే."

మా తోడికోడలికి అబద్ధం చెప్పడం రాదు. చెప్పాల్సి వస్తే ఏదో ఒకటి తుడుస్తూ ఉంటుంది. అప్పుడు తుడుస్తున్నది పొద్దున్నే తుడిచి బోర్లించిన గ్లాసు.

"బావగారు దాచమన్నారా?"

"నన్నెందుకు మధ్యలోకి లాగుతావు? ఆయన బాధ ఆయనది. పదిమందిలో తలెత్తుకు తిరిగే మనిషి."

"అత్తయ్య కోటు వేసుకుంటే ఆయన తల దించుకోవాల్సొస్తుందా?"

అక్కయ్య ఇంకో గ్లాసు అందుకుంది.

ముందు గదిలోంచి బావగారి గొంతు ఖంగుమంటోంది. ఆయన హెడ్మాస్టరు. ఇంట్లో మాట్లాడినా బడిగంట మోగినట్టే ఉంటుంది. వారం రోజులుగా అదే ఉపన్యాసం వల్లె వేస్తున్నారు: "మా నాన్నగారి చేతి కత్తెర... ఇరవై రెండేళ్లు ఈ నాటకశాలలో రాజులకీ రాణులకీ బట్టలు కోసిన కత్తెర..."

పన్నెండేళ్లు మూతపడ్డ నాటకశాలని బాగుచేసి ఈ సాయంత్రం మళ్లీ తెరుస్తున్నారు. తొమ్మిదేళ్ల కిందట పోయిన మా మామగారిని అక్కడ అందరూ మాస్టరు అనేవాళ్లు. ఆ మాస్టరు కత్తెరతో పెద్దకొడుకు స్టేజీ మీద రిబ్బను కొయ్యాలి. అదీ ఏర్పాటు. అత్తయ్యకి వేరే ఆహ్వానం కార్డు కూడా రాలేదు. 'కుటుంబ సమేతంగా' అన్న మాటలో ఎక్కడో ఉందావిడ.

కార్డు చదివిన రోజే అత్తయ్య తన పెట్టెలోంచి పాత ఫొటో తీసి నా ముందు పెట్టింది. అందులో ఆవిడకి ఇరవై నాలుగేళ్లు. నాటకశాల మెట్ల మీద నిలబడి ఉంది. ముదురు ఆకుపచ్చ కోటు, నడుం దగ్గర బిగింపు, బుజాల దగ్గర కుచ్చులు పొంగిన బుట్ట చేతులు. "ఇలాంటిదే కావాలి. కుడతావా?" అంది. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆవిడ నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. దాని కోసం ఈ ఇంట్లో వారం రోజులుగా కురుక్షేత్రం.

నేను ముందు గదిలోకి వెళ్లాను. అత్తయ్య కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది.

"బావగారూ, నా కత్తెర ఇప్పించండి."

ఆయన కాగితం దించారు. "చూడమ్మాయ్, చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అమ్మ తన బూడిదరంగు బట్టలు వేసుకుంటుంది. రెండో వరసలో కూర్చుంటుంది. అయిపోగానే ఇంటికొస్తుంది."

"ఏం వేసుకోవాలో అత్తయ్యకి తెలుసండీ."

"డెబ్బై నాలుగేళ్లావిడకి బుట్ట చేతులా? నడుం బిగించిన కోటా? నలుగురూ నవ్వితే?"

"నవ్వితే వాళ్ల పళ్లు బయటపడతాయి. మనకేం పోయింది?"

"నీకు నోరెక్కువైంది."

"కత్తెర పోయింది కదండీ, నోరొక్కటే మిగిలింది."

ఆయన మొహం కందగడ్డ అయింది. నన్నొదిలి అత్తయ్య వైపు తిరిగారు. "అమ్మా, నువ్వైనా చెప్పు దీనికి. ఇవాళ నాన్నగారి రోజు."

అత్తయ్య కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"ఏ రోజు ఆయనది కాదురా?" అంది చివరికి.

గొంతు పెంచలేదు, విసుక్కోలేదు. బావగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "జుట్టు కత్తిరించుకుని ఐదింటికి వస్తాను. నేను వచ్చేసరికి అమ్మ తయారుగా ఉండాలి. బూడిదరంగు బట్టల్లో," అని చెప్పులేసుకుని వెళ్లిపోయారు. మంగలికి మాత్రం కత్తెర ఉండొచ్చు కాబోలు!

మా ఆయన సంగతి అడుగుతారేమో. డ్యూటీకి వెళ్లాడు. ఇంట్లో ఉన్నా అన్నయ్య ముందు ఆయన గోడకి కొట్టిన మేకే.

వంటింటి కత్తెరతో ఒక మూల ప్రయత్నించాను. దళసరి ఊలు గుడ్డ. దాన్ని అది కొయ్యలేదు, నమిలింది. ఇక గదిలో మిగిలింది ఒక్కటే. గోడమీద, మామగారి పటం కింద, అద్దాల పెట్టెలో ఎర్ర రిబ్బను చుట్టుకుని ఉన్న ఆయన కత్తెర.

ఆ పెట్టెకి తాళం లేదు. బావగారి మాటే తాళం. తొమ్మిదేళ్లుగా ఎవరూ దాన్ని తెరవలేదు.

నేను తెరిచాను.

"అయ్యయ్యో! అది ముట్టుకోకూడదే!" అక్కయ్య తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"నా కత్తెర ఇచ్చెయ్, దీన్ని లోపల పెట్టేస్తాను."

అక్కయ్య మింగలేక కక్కలేక నిలబడింది. నేను రిబ్బను విప్పాను. బరువైన కత్తెర, మూరెడు పొడుగు. బల్లమీద గుడ్డ పరిచి, చాక్‌పీసు గీత మీద పెట్టి నొక్కాను.

తెగలేదు. గుడ్డ రెండు అలుగుల మధ్యకి ముడుచుకుని దూరింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే.

"తుప్పు పట్టిందేమో. తొమ్మిదేళ్లు కదా," అంది అక్కయ్య.

బొటనవేలితో అలుగు తడిమి చూశాను. చురుక్కుమంది. పదునుకేం లోటు లేదు. అప్పుడు తిప్పి చూశాను. పిడిలో బొటనవేలి ఒంపు నా వేలికి ఒరుసుకుంటోంది. పై అలుగు ఉండాల్సిన వైపు లేదు. అంతా అద్దంలో చూసినట్టు ఉంది.

"ఇది ఎడమచేతి కత్తెర," అన్నాను. "కుడిచేత్తో చస్తే తెగదు."

వారం వారం ఆ అద్దం తుడిచింది నేను. టైలర్నని పేరు పెట్టుకున్నది నేను. అద్దం మీద దుమ్మే చూశాను తప్ప లోపలున్న కత్తెర వంక ఏనాడూ సరిగ్గా చూడలేదు. నా కళ్లని కాకులెత్తుకుపోనూ!

"కానీ మామయ్యగారు కుడిచేతి మనిషి కదా?" అంది అక్కయ్య. "రాసినా, కొలిచినా, పిల్లల్ని కొట్టినా కుడిచేత్తోనే."

కుర్చీ కిర్రుమంది. అత్తయ్య లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇటివ్వు."

ఎడమ చెయ్యి చాపింది.

సంతకం కుడిచేత్తో పెట్టే మనిషి. గరిటె కుడిచేత్తో తిప్పే మనిషి. కత్తెర ఎడమచేతిలోకి వెళ్లేసరికి ఆవిడ నడుం నిటారైంది. గుడ్డని రెండు మడతలు వేసి, కోటు చేతులు రెండూ ఒకేసారి వచ్చేలా సర్దింది. నా చాక్‌పీసు గీతని అరచేత్తో చెరిపేసింది. "బుజం దగ్గర రెండు వేళ్లు ఎక్కువ వదలాలి పిల్లా, లేకపోతే కుచ్చు పొంగదు," అని, కొలత లేదు, కాగితం లేదు, కంటితోనే కోసుకుంటూ పోయింది. కర్, కర్, కర్. ఆ ఒంపు తిరిగిన చోట చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు.

నేనూ అక్కయ్యా కళ్లప్పగించి నిలబడ్డాం.

"చిన్నప్పుడు ఎడమచేత్తో రాస్తే బడిలో వేళ్లమీద కొట్టేవాళ్లు," అంది అత్తయ్య, గుడ్డ మీంచి చూపు తియ్యకుండా. "రాతకి కుడి నేర్చుకున్నాను. కత్తెర నాకెవరూ నేర్పలేదు. అందుకని దాన్నెవరూ మార్చలేదు."

"మరి మామయ్యగారు?"

"ఆయనకి కొలతలు తియ్యడం వచ్చు. మాట్లాడటం వచ్చు. మాటలో ఆయన్ని మించినవాడు లేడు. గుడ్డమీద కత్తెర పెడితే మాత్రం చెయ్యి వణికేది. పెళ్లయిన నెలకి, రేపు నాటకం అనగా, రాజుగారి అంగీ పాడుచేసి తల పట్టుకు కూర్చున్నారు. ఇంకో గుడ్డ తెప్పించి నేను కోశాను. అప్పట్నుంచి ముందు గది ఆయనది, తలుపు తెరిచి. వెనక గది నాది, తలుపు మూసి."

అక్కయ్య మెల్లగా అడిగింది. "మా ఆయనకి తెలుసా అత్తయ్యా?"

"ఎలా తెలుస్తుంది? 'నాన్నగారు కటింగులో ఉన్నారు, అల్లరి చెయ్యకండి' అని పిల్లలకి చెప్పింది నేనే. ఆయన అప్పుడు పక్క వీధిలో టీ తాగుతూ ఉండేవారు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలీదు. పటంలో నవ్వుతున్న మామగారి మీదా, ఈవిడ మీదా కూడా. "ఎందుకు చెప్పలేదు ఇన్నాళ్లూ?"

"అడిగిందెవరు?" కత్తెర బల్లమీద పెట్టి ఫొటో వైపు చూసింది. "ఆ కోటు నాకోసం నేనే కోసుకున్నాను. ఆవేళ కొత్త నాటకం. ముప్పై ఆరు జతలు, అన్నీ నా చేతివి. ఆట అయ్యాక మాస్టరుగారిని స్టేజీ మీదికి పిలిచారు. ఆయన వెళ్లి దండం పెట్టారు. నేను కింద కూర్చుని చప్పట్లు కొట్టాను. అందరికన్నా గట్టిగా కొట్టాను." రెండు అరచేతులూ ఒకసారి చూసుకుంది. "ఈసారి కొట్టను."

"బావగారు రానీ, మొహం మీదే చెప్పేద్దాం," అన్నాను.

"ఒక్క మాట చెప్పకు. వాడు రిబ్బను కొయ్యాలి కదా? కొయ్యనీ."

నాకు ఒక్క క్షణం పట్టింది అర్థం కావడానికి. అర్థమయ్యాక నవ్వొచ్చింది. వెంటనే భయమూ వేసింది.

"అంతమందిలో ఆయన పరువు పోతుంది అత్తయ్యా!" అక్కయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీ మొగుడమ్మా. చెప్పాలనిపిస్తే చెప్పు, నేను కాదనను. నేను మాత్రం చెప్పను. యాభై ఏళ్ల కిందట నేను మూసిన తలుపు అది. వాడంతట వాడే తియ్యాలి."

అక్కయ్య వంటింట్లోకి వెళ్లిపోయింది. డబ్బా మూత చప్పుడైంది. తిరిగి వచ్చేసరికి చేతిలో నా కత్తెర ఉంది, పిడినిండా గోధుమపిండితో.

"అస్తరు దీంతో కోసుకో," అంది నా మొహం చూడకుండా. "అది మళ్లీ అద్దాల పెట్టెలో పెట్టెయ్. రిబ్బను ఎలా చుట్టి ఉందో అలాగే చుట్టు."

ముగ్గురం నా మిషను గదిలో కూర్చున్నాం. నేను మిషను మీద, అత్తయ్య బుజాల కుచ్చు సర్దుతూ, అక్కయ్య మణికట్టు దగ్గర గుండీలు కుడుతూ. గది తలుపు గడియ పెట్టాం.

ఐదింటికి బావగారు వచ్చి తలుపు కొట్టారు. "లోపల ఏం జరుగుతోంది? అమ్మ తయారైందా?"

నేను నోరు తెరిచేలోగా అక్కయ్య అందుకుంది. పద్దెనిమిదేళ్లలో ఆవిడ ఆయనకి ఎదురు చెప్పగా నేను వినడం అదే మొదలు.

"అల్లరి చెయ్యకండి. కటింగు జరుగుతోంది."

అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బుజాలు కదిలేలా నవ్వింది. నవ్వీ నవ్వీ, కళ్లు తుడుచుకుంది.

ఆరున్నరకి తలుపు తీశాం.

బావగారు గోడమీంచి దించిన అద్దాల పెట్టె చంకలో పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. అత్తయ్యని చూసి అలాగే ఉండిపోయారు. ముదురు ఆకుపచ్చ కోటు నడుం దగ్గర సరిగ్గా కూర్చుంది. చేతులు బుజాల మీద పొంగి, మోచేతి నుంచి మణికట్టుదాకా బిగిశాయి. ఆవిడ ఎత్తు ఇంత అని నాకు అప్పుడే తెలిసింది.

"ఇది... ఆ ఫొటోలో కోటేనా?" అన్నారు.

"కాదు. దాన్ని విప్పి నీకు ఐదో తరగతిలో బడి కోటు కుట్టాను. ఇది నాది."

ఆయన బూడిదరంగు బట్టల ఊసెత్తబోయారు. అక్కయ్య వంక చూశారు. అక్కయ్య తల పక్కకి తిప్పుకుంది.

"నవ్వుల పాలవుతాం," అన్నారు.

"తాటాకు చప్పుళ్లకి కుందేళ్లు బెదరవురా. పద, కారు వచ్చింది," అంది అత్తయ్య, ఆయన్ని దాటుకుని మెట్లు దిగుతూ.

నాటకశాలలో కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. మనుషులు కిక్కిరిసి ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. ఒకావిడ వెనకనుంచి నా బుజం తట్టి, "ఆ కోటు ఎవరు కుట్టారమ్మా?" అని అడిగింది. "నేను కుట్టాను, కోసింది ఆవిడే," అన్నాను. అంతమాత్రం చెప్పకుండా ఉండటం నావల్ల కాలేదు.

అత్తయ్యని రెండో వరసలో కూర్చోమన్నారు. ఆవిడ మొదటి వరసలో కూర్చుంది. కుర్చీ మీద ఎవరిదో పేరు రాసిన కాగితముంటే తీసి పక్క కుర్చీలో పెట్టింది.

తెర ముందు అడ్డంగా వెడల్పాటి పట్టు రిబ్బను కట్టి ఉంది. నాటకశాల కార్యదర్శి, కర్ర ఊతంతో నడిచే ముసలాయన, మైకు పట్టుకుని బావగారిని పిలిచాడు. బావగారు గొంతు సవరించుకున్నారు. "ఇది మా నాన్నగారి చేతి కత్తెర. ఇరవై రెండేళ్లు..." ఉపన్యాసం బాగానే సాగింది. చప్పట్లు మోగాయి. నేను అత్తయ్య చేతుల వంకే చూస్తున్నాను. ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

బావగారు పెట్టె తెరిచి, కత్తెరకి చుట్టిన ఎర్ర రిబ్బను విప్పి, కుడిచేత్తో పట్టుకుని, పట్టు రిబ్బను మీద నొక్కారు.

రిబ్బను అలుగుల మధ్య ముడుచుకుంది.

మళ్లీ నొక్కారు. మళ్లీ ముడుచుకుంది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నా పక్కన అక్కయ్య కుర్చీలో ముందుకి జరిగింది.

"పాతది కదా, తుప్పు పట్టినట్టుంది," అన్నారు బావగారు మైకులోకి. నుదుటి మీద చెమట కనపడుతోంది. రెండు చేతులతో పట్టుకుని మూడోసారి నొక్కారు. రిబ్బను నలిగింది కానీ తెగలేదు.

నాకు నవ్వు రాలేదు. రావాలి, వారం రోజులుగా ఆయన చేసినదానికి. కానీ ఆ స్టేజీ మీద నిలబడ్డ మనిషి హెడ్మాస్టరులా లేడు. మూసిన తలుపు బయట చప్పుడు చెయ్యకుండా కూర్చున్న పిల్లాడిలా ఉన్నాడు.

అత్తయ్య లేచింది. మెట్లెక్కింది. నాటకశాల మొత్తం ఆ ఆకుపచ్చ కోటు వెంటే చూసింది.

"తుప్పు కాదు," అంది. "ఇటివ్వు నాయనా."

ఎడమచెయ్యి చాపింది. బావగారు ఇచ్చేశారు. ఇవ్వక ఏం చేస్తారు? అత్తయ్య రిబ్బనుని రెండు వేళ్లతో బిగించి పట్టుకుంది. కర్. రిబ్బను రెండు ముక్కలై కింద పడింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

కార్యదర్శి ముసలాయన కర్ర టకటకలాడించుకుంటూ దగ్గరికి వచ్చాడు. కత్తెర వంకా, అత్తయ్య చేతి వంకా, మార్చి మార్చి చూశాడు. మైకు బావగారి నోటి దగ్గర పెట్టాడు.

"బాబూ, మాస్టరుగారిది ఎడమచేతి వాటమా?"

బావగారు తల్లి వైపు చూశారు. ఆయన చేతిలో ఉపన్యాసం కాగితం ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టారు. ఎనిమిది మడతలు పెట్టారు.

"కాదండీ," అన్నారు. గొంతులో గంట లేదు. "మా నాన్నగారిది కుడిచెయ్యి."

"మరి ఈ కత్తెర ఎవరిది?"

మైకు గరగరమంది. బావగారు మళ్లీ తల్లి వైపు తిరిగారు. అక్కయ్య నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

అత్తయ్య మాత్రం సాయం రాలేదు. నలిగిన బుట్ట చెయ్యి సర్దుకుని, కత్తెర ఎడమచేతిలోనే పట్టుకుని, కొడుకు నోరు తెరిచేదాకా కదిలేది లేదన్నట్టు అక్కడే నిలబడింది.